దయతో చేరదీసిన కొట్టము, మేపుకూలి కొట్టము

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు మన డెల్టాలో బీడు తరిగి వరి పెరిగినది. ట్రాక్టరు వచ్చిన పిదప యెద్దునకు పని తప్పినది. విడిచిన పశువులను దయతో చేరదీయు గృహస్థులు నిడదవోలు పరిసరములలో లేకపోలేదు. వారు ఇకమీదట పరుల పశువులను మేపుకూలికి పోషించుట కుటుంబవృత్తిగా గైకొనుట మేలని నా యభిప్రాయము. గోవును సాకి సొమ్ము పుచ్చుకొనుట పాపమందురు కొందరు. గడ్డి చాలక పస్తుంచుట పుణ్యమా?

లెక్క చూడుడు. 400 కిలోల పశువునకు దినమునకు 8 మొదలు 10 కిలోల యెండుమేత వలయును. ఏటికి మూడు టన్నుల మాట. వట్టి వరిగడ్డి చాలదు. 100 కిలోల గడ్డిపై 4 కిలోల యూరియా కరిగిన నీటిని చల్లి, గాలి చొరకుండ 21 దినములు మాగవేసినచో బలము హెచ్చును (ఆరునెలల లోపు దూడలకు పెట్టరాదు). మొగమాటమున కూలి తగ్గించినచో ముందు మాడునది పశువే.

ఒక్కటి మాత్రము గట్టిగా చెప్పవలెను. రోడ్డుపై దొరికిన పశువును పరుల పాడియావు ప్రక్కన కట్టరాదు. 2022లో లంపీస్కిన్ వ్యాధి దేశమున పెక్కు పశువులను బలిగొన్నది, గాలికుంటు సరేసరి. క్రొత్తదానిని మూడు వారములు వేరుపాకలో నుంచి, పశువైద్యునకు చూపి, టీకా వేయించిన పిమ్మటనే మందలో కలుపవలెను. వేరు మనిషి లేనిచో మంద పని ముగించుకొనియే ఆ పాకకు పోవలెను. యజమాని కూలి యెగవేసి పశువును వదలిపోయినచో నేమి చేయవలెనో ముందుగనే కాగితముపై వ్రాయించుకొనుడు.