జీతం ఉంది... ఇల్లే లేదు!

పగలంతా కోటూ టైతో ఆఫీసులో ఫోన్లు. సాయంత్రం కాగానే ఓ చేతిలో సంచి, మరో చేతిలో పసివాడు. 'ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి?' అన్నదే ఆలోచన. 1980ల మొదట్లో, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిస్ గార్డ్‌నర్ దాదాపు ఏడాదిపాటు ఇలాగే గడిపాడు.

ఇల్లు లేదంటే పనీపాటా లేనివాడనే అనుకుంటారు చాలామంది. గార్డ్‌నర్‌కి పని ఉంది. డీన్ విటర్ అనే షేర్ల కంపెనీలో ట్రైనీ. రోజుకి రెండొందల ఫోన్లు చేయాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. వచ్చే కొద్దిపాటి జీతంతో ఓ చవక అద్దె గదిలో ఉండేవాడు. అంతలో, విడిపోయిన భాగస్వామి వచ్చి కొడుకుని అతనికి అప్పగించింది. చిన్నప్పుడు తండ్రి ఎవరో తెలియకుండానే పెరిగాడు గార్డ్‌నర్. ఆ లోటు తన బిడ్డకు రాకూడదనుకున్నాడు. బాబుని తనతోనే ఉంచుకున్నాడు. కానీ ఆ అద్దె గదుల్లో పిల్లల్ని ఉండనివ్వరు. అంతే... తండ్రీకొడుకులు రోడ్డునపడ్డారు!

మరో ఇల్లు చూసుకోవాలంటే ముందుగా కట్టాల్సిన డబ్బు లేదు. బాబుని చూసుకునేవాళ్లకి ఇవ్వాలి, తిండికి కావాలి. ఇక మిగిలేదెంత? పార్కులు, విమానాశ్రయం, ఆఫీసు... ఎక్కడ వీలైతే అక్కడే నిద్ర. రైల్వేస్టేషన్ బాత్‌రూమ్‌లో తలుపు గడియపెట్టుకుని తలదాచుకున్న రాత్రీ ఉంది. తోటి ఉద్యోగులకు ఈ సంగతే తెలియదు.

గ్లైడ్ మెమోరియల్ చర్చి నిరాశ్రయులకు ఉచితంగా భోజనం పెట్టేది. అక్కడి ఆశ్రయం మాత్రం ఇల్లులేని మహిళల కోసం. 'నాకూ నా బిడ్డకీ చోటిస్తారా?' అని పాస్టర్ సెసిల్ విలియమ్స్‌ని అడిగాడు గార్డ్‌నర్. ఆయన మరోమాట లేకుండా సరేనన్నారు. నిబంధన కన్నా బిడ్డ ముఖ్యమనుకున్నారు.

ఆ చోటు ఇల్లేమీ కాదు. కానీ బిడ్డకో పక్క దొరికింది. గదుల అద్దెకి పోయే డబ్బులు చేతిలో మిగిలాయి. కూడబెట్టిన సొమ్ముతో గార్డ్‌నర్ ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. 1987లో షికాగోలో సొంత కంపెనీ పెట్టాడు. అతని కథే 2006లో విల్ స్మిత్ హీరోగా సినిమా అయింది. ఒకప్పుడు తాను నిలువనీడ లేక తిరిగిన ప్రాంతంలోనే పేదల ఇళ్ల కోసం చేపట్టిన 5 కోట్ల డాలర్ల ప్రాజెక్టుకీ తనవంతు సాయం అందించాడు. సెసిల్ విలియమ్స్ 2024లో కన్నుమూశారు.

కొడుకునడిగితే, తమకు ఇల్లు లేదని అప్పట్లో తనకు తెలియనే తెలియదంటాడు. ఎప్పుడూ ఎక్కడికో కదులుతూ ఉండటం మాత్రం గుర్తుందట!

కష్టపడే గుణం గార్డ్‌నర్‌కి మొదట్నుంచీ ఉంది. లేనిదల్లా కాస్త వ్యవధి. మన ఊళ్లోనూ బిడ్డని చంకనేసుకుని అద్దె ఇంటి కోసం తిరిగే ఒంటరి తల్లులుంటారు. జీతం ఎంతని అడిగే ముందు మొగుడేడని అడుగుతారు ఇంటివాళ్లు. అలాంటామెకి ధర్మోపన్యాసాలు అక్కర్లేదు. అడ్వాన్సుకి ఓ చేబదులు, 'నాకు తెలిసినావిడే' అంటూ ఇంటివాళ్లకో మాట, పనికెళ్లొచ్చేదాకా పిల్లని చూసుకునే ఓ పక్కింటి పిన్నిగారు... అవి ఉంటే చాలు, మిగతాది ఆమే చూసుకుంటుంది!