పొయ్యి కట్టడానికి గ్వాటెమాలా దాకా

డాలస్‌లో ఉండే మా మేనకోడలు పదకొండో తరగతి. వచ్చే వసంత సెలవుల్లో స్కూలు బృందంతో గ్వాటెమాలా వెళ్లి, కొండల్లోని ఒక మాయా ఆదివాసీ పల్లెలో వారం రోజులు పొయ్యిలు కట్టాలని దాని కోరిక. కాలేజీ దరఖాస్తుకు పనికొస్తుందని బావగారు సరే అన్నారు. అక్కకు భయం. "నువ్వేమంటావు మామయ్యా?" అని అడిగితే, అవుననీ అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను.

పొయ్యి అవసరం లేదని ఎవరూ అనలేరు. ఆ కొండల్లో చాలా ఇళ్లలో నేటికీ మూడు రాళ్ల మధ్య కట్టెల మంటే. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి, ముద్దను అరచేతుల్లో తట్టి పెనం మీద వేసే ఇల్లాలి వీపున తరచుగా పసిబిడ్డ ఉంటుంది. తల్లి పీల్చే పొగే బిడ్డా పీలుస్తుంది. అక్కడి శాన్ మార్కోస్ ప్రాంతంలో ఐదు వందలకు పైగా ఇళ్లలో జరిగిన పరిశోధన ఫలితాలు 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. పొగగొట్టం పొయ్యి కట్టిన ఇళ్లలో పిల్లలు పీల్చే కార్బన్ మోనాక్సైడ్ సుమారు సగానికి తగ్గింది. అయినా న్యుమోనియా మొత్తంగా తగ్గిందని గట్టిగా చెప్పలేకపోయారు; తీవ్రమైన కేసులు మాత్రం మూడో వంతు దాకా తగ్గాయి. మేలు నిజమే, అనుకున్నంత కాదు.

పైగా పాత మంట వంటకొక్కదానికే కాదు. ఎముకలు కొరికే చలిలో ఇంటికి కాపడం అదే, వెలుతురూ అదే. పైన వేలాడే కంకులకు పురుగు పట్టకుండా కాసేదీ ఆ పొగే. కొత్త పొయ్యి గొట్టంలో మసి పేరుకుంటే, దులిపేవాళ్లు లేకపోతే, పొగ మళ్లీ గదిలోకే వస్తుంది. కొత్త పొయ్యి వచ్చినా పాత మంట ఆరకపోవడం మనం ఎరగనిదా? 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద గ్యాసు వచ్చాక కూడా మా ఊళ్లో టీకి గ్యాసు, అన్నానికీ స్నానాల నీళ్లకూ కట్టెలే. మా పెద్దమ్మ సిలిండరు మీద పాత చీర ముక్క కప్పి, చుట్టాలొచ్చిన రోజునే తీసేది. అది తెలియనితనం కాదు, ఇంటి లెక్క.

వారానికని వచ్చినవాళ్లకు ఆ లెక్క అందడం కష్టం. స్కూల్లో నేర్చిన స్పానిష్ నాలుగు ముక్కలు వచ్చినా, ఇల్లాలు మాట్లాడేది మామ్, కక్చికెల్ వంటి మాయా భాష కావచ్చు. 1996లో ముగిసిన ఆ దేశపు అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారనీ, గుర్తు తెలిసిన బాధితుల్లో 83 శాతం మాయాలేననీ 1999లో సత్యశోధన కమిషన్ తేల్చింది. గ్వాటెమాలా సైన్యానికి ఏళ్ల తరబడి అమెరికా అండ ఉంది. ఇదేమీ తెలియకుండా అమెరికా పిల్ల ఆ గడప తొక్కడం పాపం అనను గానీ, ఆ ఇంటివాళ్లకు తెలిసింది దానికి తెలియదన్న మాట మాత్రం వాస్తవం.

1968లో ఇవాన్ ఇలిచ్ అనే మతాచార్యుడు, మెక్సికో పల్లెలకు సేవకని బయలుదేరే విద్యార్థుల సభలోనే, సాయం పేరుతో రావద్దని మొహం మీదే చెప్పాడు. చూడటానికి, నేర్చుకోవడానికి వస్తే అభ్యంతరం లేదన్నాడు. ఆ మాటలో సత్తా ఉంది. కానీ ఆయనా వియన్నాలో పుట్టి పరాయి గడ్డ మీద పనిచేసినవాడే. పదిహేడేళ్ల వయసులో చేతులకు మట్టి అంటిన పిల్ల, తర్వాత ఆ దేశం గురించి చదివి, ఓటు వేసేటప్పుడు గుర్తుపెట్టుకోవచ్చు. పెట్టుకోకపోవచ్చు కూడా. విమానం ఖర్చు ఆ ఊరికే పంపితే మేలు కదా అన్న వాదనా సబబే. ప్రయాణం మానుకున్నవాళ్లలో ఎంతమంది ఆ డబ్బు పంపుతారన్నదే నా అనుమానం.

అందుకే దానికి ఒక్కటే కనుక్కోమన్నాను: అక్కడ మేస్త్రీ ఎవరు? ఊరి మేస్త్రీ కూలి తీసుకుని కడుతుంటే, పిల్లలు ఇటుకలందిస్తూ మట్టి కలుపుతూ ఆయన చేతికింద ఉంటే, వెళ్లడంలో తప్పు లేదనిపించింది. పిల్లలు కట్టి ఫొటోలు దిగుతుంటే, ఆయన పక్కన నిలబడి చూస్తుంటే, వద్దనేవాణ్ణి.

నిర్వాహకుల నుంచి జవాబు వచ్చింది. మేస్త్రీ ఊరివాడే, కూలీ ఇస్తారు. కాకపోతే బృందాలు వచ్చిన వారాల్లోనే ఆయనకు ఆ పని. ఇది విన్నాక మళ్లీ తటపటాయించాను. మేనకోడలు వెళ్లకపోతే ఆయనకో వారం కూలి పోవచ్చు. ఇలాంటివాళ్లు పోతున్నంతకాలం ఆ పని వాళ్ల సెలవులకే ముడిపడి ఉంటుంది. చివరికి వెళ్లమనే అన్నాను. రెండు నెలల ముందు నుంచి స్పానిష్ మీద కూర్చోమన్నాను, ఇల్లాలు అడగందే ఫొటో తీయవద్దన్నాను. గొట్టం ఎవరు దులుపుతారో, పగిలిన ఇటుక ఎవరు మారుస్తారో వచ్చే ముందు కనుక్కుని రమ్మన్నాను. ఈ చివరిది దరఖాస్తులో రాయొచ్చా అని అడిగింది. అది నీ ఇష్టం అన్నాను.