పెంపుడు జీవికి తత్కాల్ లేదు

ఐఈఎల్‌టీఎస్ స్కోరు, ఎస్‌ఓపీ, రికమెండేషన్ లెటర్లు, ఎడ్యుకేషన్ లోన్, వీసా స్లాట్... విదేశాలకు వెళ్లాలనుకునే ప్రతి ఒక్కరి ఫోన్లోనూ ఈ చెక్‌లిస్టు ఉంటుంది. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉన్నవాళ్ల లిస్టులో దాని పేరు చిట్టచివర ఉంటుంది. 'టికెట్ బుక్ అయ్యాక చూద్దాంలే' అనుకుంటారు. చిక్కంతా ఆ 'చూద్దాంలే'లోనే ఉంది.

మీ వీసా కొన్ని వారాల్లో వచ్చేయొచ్చు. మన దేశం నుంచి యూరప్‌కు వెళ్లాల్సిన కుక్కకు మాత్రం, అన్నీ సజావుగా సాగినా, టీకా వేయించిన రోజు నుంచి కనీసం నాలుగు నెలలు పడుతుంది. ఎక్కువ డబ్బులు కడితే ఈ గడువు తగ్గదు. తెలిసినవాళ్లతో ఫోన్ చేయించినా తగ్గదు. అందుకే ఒక్క మాట: దాన్ని వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే మీ అడ్మిషన్ లెటర్ కోసం ఆగకండి, ఇప్పుడే మొదలుపెట్టండి. తీసుకెళ్లడం కుదరదనుకుంటే ఆ సంగతీ ఇప్పుడే తేల్చుకోండి. రెండూ మంచి నిర్ణయాలే. ఏదీ తేల్చకుండా ఫ్లైట్‌కు వారం ముందు ఎవరో ఒకరికి అంటగట్టి వెళ్లిపోవడం మాత్రం నిర్ణయం కాదు, పారిపోవడం.

ఇంత కాలం ఎందుకు?

కారణం రేబిస్. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో దాదాపు 36 శాతం మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే మన దగ్గర నుంచి వచ్చే జంతువు విషయంలో చాలా దేశాలు జాగ్రత్తపడతాయి. రేబిస్ వైరస్ ఒంట్లోకి వెళ్లిన వెంటనే లక్షణాలు కనిపించవు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. టీకా వేయించేనాటికే ఆ జంతువుకు వ్యాధి సోకి ఉంటే అది బయటపడటానికి సమయం ఇవ్వాలి. ఈ నిరీక్షణ అందుకే.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో 2000 సంవత్సరం వరకూ బయటి నుంచి వచ్చిన కుక్కలు, పిల్లుల్ని ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉంచేవాళ్లు. చిప్, టీకా, రక్త పరీక్షల పద్ధతి వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది. ఎక్కడో బోనులో గడపాల్సిన రోజుల్ని మీ పెంపుడు జీవి ఇప్పుడు మీ ఇంట్లో, మీ సోఫా మీద గడుపుతోంది. అలా చూస్తే ఈ నిబంధనల మీద కోపం కొంచెం తగ్గుతుంది.

వరుస తప్పితే మళ్లీ మొదటికే

కోడింగ్ నేర్చుకున్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక స్టెప్ పూర్తి కాకుండా తర్వాతి స్టెప్ రన్ అయితే అవుట్‌పుట్ తప్పు వస్తుంది. ఇక్కడా అంతే.

జర్మనీనే తీసుకుందాం. మొదట ఐఎస్ఓ ప్రమాణాలకు తగిన 15 అంకెల మైక్రోచిప్ వేయించాలి. ఆ తర్వాతే, లేదా అదే రోజు చిప్ వేశాక, రేబిస్ టీకా. అప్పటికి దాని వయసు కనీసం 12 వారాలు ఉండాలి. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్త నమూనా తీసి, యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌కు పంపాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు ఉండాలి. దీన్నే టైటర్ పరీక్ష అంటారు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిచాకే ప్రయాణం.

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే సమస్య మొదటి స్టెప్‌లోనే ఉంది. టీకా పుస్తకం నిండా స్టిక్కర్లు ఉంటాయి, చిప్ ఉండదు. చిప్ కంటే ముందు వేసిన టీకాను యూరప్ లెక్కలోకి తీసుకోదు. ఏ జంతువుకు వేశారో రుజువు లేదు కాబట్టి. చిప్ వేయించి, మళ్లీ టీకా వేయించాల్సిందే.

ఇప్పుడు క్యాలెండర్‌ను వెనక్కి తిప్పండి. అక్టోబరు 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాలంటే జూలై 1 కల్లా రక్తం తీయాలి. అంటే జూన్ 1 కల్లా టీకా పడాలి. రిపోర్టులో యాంటీబాడీలు తక్కువగా వస్తే మళ్లీ టీకా, మళ్లీ పరీక్ష, మళ్లీ మూడు నెలలు. ఆ వెసులుబాటు కావాలంటే ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెట్టాలి. జర్మనీలో చాలా కోర్సులకు వింటర్ సెమిస్టర్ దరఖాస్తు గడువు జూలై 15. అంటే మీరు అప్లికేషన్ సబ్మిట్ చేసే నాటికే మీ కుక్కకు ఆలస్యమైపోయినట్టు!

మంచి వార్త కూడా ఉంది. ఒకసారి టైటర్ పాసయ్యాక, బూస్టర్ టీకాలు గడువు దాటకుండా వేయిస్తూ ఉంటే యూరప్ ప్రయాణానికి ఆ పరీక్ష మళ్లీ అక్కర్లేదు. వెళ్తారో లేదో తేలకపోయినా ముందే చేయించి పెట్టుకుంటే నష్టం లేదు. ఒక్క బూస్టర్ ఆలస్యమైతే మాత్రం చేసిందంతా వృథా.

మరో మెలిక: 'నేను ముందు వెళ్తాను, ఇల్లు దొరికాక అమ్మానాన్నలు పంపిస్తారు' అనుకుంటారు చాలామంది. మీ ప్రయాణానికి, దాని ప్రయాణానికి మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే యూరప్ దాన్ని పెంపుడు జంతువు ప్రయాణంగా చూడదు. వాణిజ్య దిగుమతి నిబంధనలు వర్తిస్తాయి. మీరైనా వచ్చి తీసుకెళ్లాలి, మీరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన మనిషైనా మీ ప్రయాణానికి ఐదు రోజుల లోపు దాన్ని తీసుకురావాలి.

దేశానికో లెక్క

అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు మార్చింది. కుక్కకు కనీసం ఆరు నెలల వయసు, మైక్రోచిప్, ఆన్‌లైన్‌లో నింపే సీడీసీ ఫారం తప్పనిసరి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనం ఉన్నాం కాబట్టి అదనంగా ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన టీకా పత్రం కావాలి. సీడీసీ వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రంలో ముందస్తు రిజర్వేషన్ చేసుకోవాలి. అలాంటి కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఆమోదం పొందిన ల్యాబ్ టైటర్ రిపోర్టు లేకపోతే 28 రోజుల క్వారంటైన్. మధ్యలో వేరే దేశంలో నాలుగు రోజులు ఆగి వెళ్దామంటే కుదరదు, గత ఆరు నెలల్లో కుక్క ఎక్కడ ఉందో చూస్తారు. పిల్లులకు ఇంత కట్టడి లేదు. అయినా రాష్ట్రం, ఎయిర్‌లైన్ రూల్స్ విడిగా చూసుకోవాలి.

బ్రిటన్‌కు చిప్, టీకా, టైటర్, మూడు నెలల నిరీక్షణ దాదాపు యూరప్ పద్ధతిలోనే. కుక్కకైతే అక్కడికి చేరే ముందు 24 నుంచి 120 గంటల మధ్య బద్దెపురుగుల మందు వేయించి నమోదు చేయించాలి. విమానంలో వెళ్తే కార్గోగానే పంపాలి, మీ పక్క సీటు కింద పెట్టుకుని వెళ్లే వీలుండదు.

ఆస్ట్రేలియాతో ఇంకా కష్టం. మన దేశం నుంచి నేరుగా తీసుకెళ్లడానికి అనుమతి లేదు. ఆమోదిత దేశానికి ముందు తీసుకెళ్లి, అక్కడి షరతులు పూర్తిచేసి, ఆపై మెల్‌బోర్న్ దగ్గరి మికిల్‌హామ్‌లో క్వారంటైన్‌లో ఉంచాలి. హాలీవుడ్ నటుడు జానీ డెప్ దంపతులు 2015లో రెండు కుక్కల్ని చెప్పకుండా ప్రైవేటు జెట్‌లో తీసుకెళ్తే, వెనక్కి పంపకపోతే చంపేస్తామని అక్కడి మంత్రి తేల్చి చెప్పారు. కేసు కోర్టు దాకా వెళ్లింది. అంత పెద్ద స్టార్‌కే మినహాయింపు దొరకలేదు.

జాతి కూడా చూసుకోండి. పిట్‌బుల్ టెర్రియర్‌ను జర్మనీ, బ్రిటన్ రెండూ రానివ్వవు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. వాటిని కార్గోలో తీసుకెళ్లడానికి చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు.

ఇక్కడి పని, గాల్లో ప్రయాణం

మన దేశం దాటించాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ పరిధిలోని ఏక్యూసీఎస్ కార్యాలయం నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. హైదరాబాద్‌లోనూ ఈ కార్యాలయం ఉంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు దగ్గర్లో ఉన్నవి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు. యూరప్‌కు వెళ్లే ఆరోగ్య ధ్రువపత్రం మీరు అక్కడ అడుగుపెట్టే రోజుకు పది రోజుల లోపుదై ఉండాలి. అందుకే చివరి వారాన్ని షాపింగ్‌కీ, చుట్టాల ఇళ్లలో భోజనాలకీ రాసిచ్చేయకండి.

క్రేట్‌లో అది నిలబడాలి, అటూ ఇటూ తిరగాలి, హాయిగా పడుకోవాలి. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే క్రేట్ కొని, తలుపు తీసి హాల్లో పెట్టండి. అన్నం అందులోనే పెట్టండి. కొన్నాళ్లకు అది తన గదే అనుకుంటుంది. నిద్ర మందు ఇచ్చి పంపుదామనే ఆలోచన వద్దు. ఎత్తులో ఆ మందులు శ్వాస మీద, రక్తపోటు మీద ఎలా పనిచేస్తాయో చూసుకునేవాళ్లు అక్కడ ఉండరు.

ఏజెంటును పెట్టుకోవడం తప్పు కాదు. 'పాత తేదీతో టీకా సర్టిఫికెట్ నేను చూసుకుంటా' అన్నవాడికి మాత్రం అక్కడే దండం పెట్టండి. నకిలీ రేబిస్ పత్రాలు పెరిగిపోయాయనే అమెరికా 2021 జూలైలో ముప్పు ఎక్కువున్న దేశాల కుక్కల రాకనే నిలిపేసింది. కొందరి దొంగ కాగితం నిజాయతీగా వెళ్లాలనుకున్న అందరికీ తలుపు మూసేసింది.

తీసుకెళ్లగలరా? తీసుకెళ్లాలా?

ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. పద్దెనిమిది గంటల ప్రయాణం తర్వాత అది ఉండబోయేది ఎక్కడ? చాలా స్టూడెంట్ హాస్టళ్లు జంతువుల్ని అనుమతించవు. ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి. జర్మనీలో కుక్కకు మున్సిపాలిటీ పన్ను కట్టాలి. క్లాసు, పార్ట్‌టైమ్ పని పోగా దాంతో గడిపే గంటలెన్ని? పన్నెండేళ్ల ముసలి కుక్కకు కొత్త దేశం కంటే అమ్మానాన్నల వరండానే హాయి కావొచ్చు. అలాంటప్పుడు వదిలి వెళ్లడం ప్రేమ లేకపోవడం కాదు. దానికి మందులు ఎవరు వేస్తారు, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ఖర్చు ఎవరు పంపుతారు అన్నవి మీరు వెళ్లేముందే కుదుర్చుకోండి.

కడుపు మాడే పరిస్థితుల్లో జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచితే, గేటు చప్పుడైన ప్రతిసారీ మీరే వచ్చారనుకుని లేచి చూసే ప్రాణి అది.

ఫైనలియర్‌లో ఉండి, వచ్చే ఏడాది విదేశాలకు వెళ్లాలనుకుంటూ ఈ వారం కుక్కపిల్లను తెచ్చుకోవాలని ఉందా? ఇంట్లో దాని బాధ్యత తీసుకునేవాళ్లు లేకపోతే ఆగండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ రాత్రి టీకా పుస్తకం తెరవండి. అందులో 15 అంకెల చిప్ నంబరు ఉందా, దాని తేదీ టీకా తేదీ కంటే ముందుందా? లేకపోతే రేపు పొద్దున్నే వెట్‌కు ఫోన్ చేయండి. యూనివర్సిటీ మెయిల్ ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో లేదు. ఈ పని మీ చేతుల్లోనే ఉంది.