ముంగిట సజ్జ పెంచుడు, విత్తనపు మడిని మరువకుడు



సజ్జ అనగానే మనకు రొట్టె, సంగటి, పశువులకు వేయు చొప్ప జ్ఞప్తికి వచ్చునే గాని పూలతోట జ్ఞప్తికి రాదు. ఈ పైరును ఇంటి ముంగిట అందమునకై పెంచుదురని చెప్పినచో మీలో కొందరు నవ్వవచ్చును. కాని ఇది నిజము. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున రూపొందిన ‘పర్పుల్ మెజెస్టీ’ అను ఊదారంగు సజ్జకు 2003లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ వారి బంగారు పతకము లభించినది. అది వేరొక గడ్డి కాదు. మన చేలలోని సజ్జయు, అదియు ఒకే జాతి.

ఇట్టి సజ్జను మన ముంగిళ్లలోను, పాఠశాలల ఆవరణలలోను పెంచుట మంచిదని నా అభిప్రాయము. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. అయినను సజ్జ మొక్కను ఎన్నడును చూడని పిల్లలు పట్టణములలో ఎందరో గలరు. కంటికి ఇంపుగా నున్న మొక్క వద్దకు పిల్లవాడు తానే వచ్చును. అప్పుడు దాని గింజ సంగతి చెప్పుట తేలిక.

పెంచు విధానము కష్టమైనది కాదు. ఎండ బాగుగా తగులు చోటు, నీరు నిలువని నేల ఉండవలెను. చివికిన పశువుల ఎరువు కలిపి, తొలకరిలో గింజలను అరంగుళము లోతున విత్తవలెను. నాలుగైదు దినములలో మొలక వచ్చును. మొక్కకు మొక్కకు అడుగు దూరము ఉండునట్లు ఒత్తు మొక్కలను తీసివేయవలెను. లేత మొక్కలు పచ్చగానే ఉండును. ఎండ తగిలిన కొలది ఊదారంగు తిరుగును. నీడలో నాటి, రంగు రాలేదని విత్తనమును నిందించుట తగదు. మొక్క 3 మొదలు 5 అడుగుల ఎత్తు పెరుగును. కంకులను గింజ పట్టకముందే కోసి పూలజాడీలో ఉంచవచ్చును. కోయక విడిచినచో పిచ్చుకలు వచ్చి తినిపోవును. అదియు ఒక వేడుకయే.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పెదను. మొదటిసారి నారును చిన్న కుండీలలో పోసి, తీరిక లేక ఎక్కువ దినములు అందులోనే ఉంచితిని. వేళ్లు ఇరుకునబడి, మొక్కలు అడుగు ఎత్తుననే చిన్న కంకులు వేసి ఆగిపోయినవి. కావున నేరుగా విత్తుట మేలు. నారు పోసినచో లేతగా నున్నప్పుడే మార్చి నాటవలెను.

ఇక అసలు హెచ్చరిక. సజ్జ కంకిలో కీలాగ్రములు ముందుగా వెలువడి, పుప్పొడి కొన్ని దినముల తరువాత వచ్చును. అందుచేత గాలి మోసుకొని వచ్చు పరాయి పుప్పొడితోనే అధికముగా గింజ కట్టును. ధ్రువీకృత హైబ్రిడ్ సజ్జ విత్తనపు మడికి ఇతర సజ్జ 200 మీటర్ల దూరమున, మూల విత్తనపు మడికి 1000 మీటర్ల దూరమున ఉండవలెనని నియమము గలదు. ఈ దూరములో వేడుకకు నాటిన పది మొక్కలైనను నియమమును భంగపరచినట్లే. ఆ మడి తిరస్కరింపబడినచో రైతు పడిన శ్రమ అంతయు వృథా యగును. పొరుగువాని విత్తనపు సొమ్ము కంటె మన ముంగిటి అందము గొప్పది కాదు.

నిజామాబాదు వంటి విత్తనోత్పత్తి ప్రాంతములలోని వారు చుట్టుప్రక్కల విత్తనపు మడి లేదని తెలిసికొనిన పిమ్మటనే దీనిని నాటవలెను. నాటుసజ్జ విత్తనమును తరతరములుగా ఇంటనే దాచుకొను రైతులు కూడ దీనిని తమ చేని దరిని వేయరాదు. కొన్న హైబ్రిడ్ విత్తనమును గింజ కొరకు మాత్రమే విత్తువారికి దీనివలన నష్టము లేదు. ఊదారంగు సజ్జయు హైబ్రిడే గనుక, దాని గింజలను దాచి మరుసటి యేడు విత్తినచో మొక్కలన్నియు ఒకే తీరున రావు.

నాటుటకు ముందు ఒక్కసారి ఊరి చుట్టు నడచి చూడుడు. విత్తనపు మడి కనబడినచో ఈ ఏటికి బంతి నారు పోయుడు. కనబడనిచో నిశ్చింతగా సజ్జ విత్తుడు.