వెంపలిని కలుపన్నది మనమే

2025 ఖరీఫ్‌లో యూరియా బస్తా కోసం రెండు తెలుగు రాష్ట్రాల రైతులూ సొసైటీల ముందు చీకటితోనే బారులు తీరారు. నిలబడే ఓపిక లేనివాళ్లు వరుసలో చెప్పులు, పాస్‌బుక్కులు పెట్టి పక్కన కూలబడ్డారు. పేపర్లలో ఆ ఫొటోలు చూసి ప్రభుత్వాలను తిట్టాం. తిట్టాల్సిందే. అయితే ఆ బస్తాలోని నత్రజనినే గాలిలోంచి పట్టి మట్టికిచ్చే మొక్క మన గట్ల మీదే మొలుస్తోందనీ, ఏళ్ల తరబడి దాన్ని మనమే చంపుకుంటున్నామనీ వరుసలో నిలబడ్డవాళ్లం అనుకోలేదు, వార్తలు రాసినవాళ్లమూ అనుకోలేదు. ఆ మొక్క వెంపలి.

కంది, పెసర, వేరుశనగల కుటుంబమే (ఫాబేసీ, అంటే చిక్కుడు కుటుంబం) దీనిదీ. శాస్త్రజ్ఞులు తెఫ్రోసియా అనే ప్రజాతిలో చేర్చారు. ఉష్ణదేశాలన్నిటా కలిపి ఈ ప్రజాతిలో సుమారు 350 జాతులున్నాయి. మన బీళ్లలో ఎక్కువగా కనిపించేది తెఫ్రోసియా పర్పూరియా. మోకాలెత్తు మొక్క, చిన్న చిన్న ఊదా పూలు, పలచగా కాస్త వంపు తిరిగిన కాయలు. చిట్టి ఆకు కొస పట్టుకుని లాగితే అడ్డంగా తెగదు, ఈనెల వాలు వెంబడి బాణం మొనలా తెగుతుంది. పశువులు కాసిన పిల్లలకు ఈ ఆట తెలుసు. మంచి వాన పడిన మర్నాడు ఒక మొక్కను జాగ్రత్తగా వేళ్లతో సహా తవ్వి చూడండి. పీచువేళ్లకు చిన్న చిన్న బుడిపెలు అంటుకుని ఉంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. ఆ ఎరుపుంటే బుడిపెలోని సూక్ష్మజీవులు నత్రజనిని పట్టే పనిలో ఉన్నట్టే.

వరి దమ్ముకు ముందు గట్ల మీది వెంపలి, కానుగ రొట్ట కోసుకొచ్చి మడిలో వేసి తొక్కే పని ఒకప్పుడు వ్యవసాయంలో భాగం. వెంపలిని పశువులు పెద్దగా ముట్టవు, కాబట్టి కాపలా అక్కర్లేదు. ఎండకు ఓర్చుకుంటుంది. తేలిక నేలల్లో ఒకసారి నిలదొక్కుకుంటే రాలిన గింజలతోనే మళ్లీ మళ్లీ మొలుస్తుంది. కొత్తగా చల్లాలంటే మాత్రం గింజ పైపొర గట్టిది. ఇసుకతో కలిపి రుద్దాలి, లేదా రెండు మూడు నిమిషాలు మరిగే నీళ్లలో ముంచి తీయాలి. ఇంత తేలికైన విద్యను కూడా మనం నిలుపుకోలేకపోయాం.

గట్టు నున్నగా ఉంటేనే మంచి సేద్యమని నమ్మి గడ్డిమందు కొట్టాం. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు వాడకం మీద కేంద్రం 2022లో ఆంక్షలు పెట్టినా మన చేతిలోంచి డబ్బా దిగలేదు. చదువుకున్నవాళ్లం ఇంటర్ బోటనీ పరీక్షలో ఫాబేసీ కుటుంబ లక్షణాలు పొల్లుపోకుండా రాశాం. కాలేజీకి వెళ్లే దారి పక్కనున్న ఆ కుటుంబపు మొక్క పేరు మాత్రం తెలుసుకోలేదు. పచ్చిరొట్ట పైర్ల పాఠంలో వెంపలి పేరుంటుంది. రాయితీ విత్తనాల దగ్గరికొచ్చేసరికి జీలుగ, జనుము, పిల్లిపెసర మాటే వినిపిస్తుంది. వెంపలి ఏదని అడిగినవాళ్లమూ లేము. పత్రికల్లో రాసేవాళ్లం శేషాచలం అనగానే ఎర్రచందనం దగ్గరే ఆగిపోయాం. (అదీ చిక్కుడు కుటుంబమే.) దక్షిణ భారతంలో తప్ప వేరెక్కడా పెరగని తెఫ్రోసియా కాలోఫిల్లా మన కొండల్లో ఉంది. దాని గురించి మనలో ఎందరం ఒక్క ముక్కయినా రాశాం?

ఆఫ్రికాలో మలావీ, జాంబియా రైతులు ఇదే ప్రజాతికి చెందిన తెఫ్రోసియా వొగెలీని మొక్కజొన్న చేలల్లో పెంచి నేలలో కలుపుతున్నారు. దాని ఆకు పొడిని నిల్వ చేసిన చిక్కుడు గింజల్లో కలిపి పురుగు పట్టకుండా చూసుకుంటున్నారు. అందులోని రొటెనాయిడ్లనే రసాయనాలు చేపలకు విషం కనుక నీళ్ల దగ్గర జాగ్రత్తపడాలి. ఆ మంచీచెడూ వాళ్లు వాడి తెలుసుకున్నారు. మనం వాడేదే మానేశాం.

కలికాలం ముదిరితే మనుషులు వెంపలి చెట్టుకు నిచ్చెన వేసేంత కురచవుతారని మన ఊళ్లలో పెద్దలు చెప్పేవారు. ఆ మాట గుండెను తాకాలంటే వినేవాడికి వెంపలి ఎత్తు తెలిసుండాలి. ఇవాళ పిల్లలకు చెబితే, వెంపలి అంటే ఏమిటని అడుగుతారు. ఆ అడగడం వాళ్ల తప్పు కాదు, చూపించని మనది.

యూరియా పూర్తిగా మానేయమని ఎవరూ అనలేరు. ఇప్పటి వరి దిగుబడులు ఒక్క రొట్టతో రావు. కానీ 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకే. మడిలో చల్లిన దాంట్లో సగం కూడా పైరుకు అందదు. ఆ బస్తాల్లో కొన్నైనా తగ్గించుకునే దారి మన పొలం గట్టు మీదే ఉంటే, దాన్ని కలుపని పేరు పెట్టి మూసేసింది మనమే.

ఈ చలికాలం కాయలు ఎండినప్పుడు దోసెడు గింజలు కోసి దాచండి. గడ్డిమందు పంపు భుజానికెత్తుకున్న రోజు వెంపలి ఉన్న చోటును వదిలేయండి. మీ పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లి ఆ మొక్కను చూపించండి.