హార్మోనియము మెట్లు – పల్నాటి పద్యము

పల్నాటి పల్లెలలో పద్యనాటకములు చూచి పెరిగినవారికి హార్మోనియము లేని రంగస్థలమును ఊహించుకొనుట కష్టము. తెర లేవకముందే దాని శ్రుతి వినబడవలెను. నటుడు చివరి పాదము ముగించి రాగమెత్తుకొనగానే అది వెంట నడువవలెను. ‘వన్స్‌మోర్’ అని జనము కేక వేసినప్పుడు అందులో సగము మెప్పు ఆ పెట్టె ముందు కూర్చున్నవానిదే. ఇంత ఆదరము పొందిన వాద్యమును ఆలిండియా రేడియో 1940 మార్చి 1వ తేదీ నుండి బహిష్కరించినది. సుమారు మూడు దశాబ్దముల వరకు ఆ కట్టుబాటు సడలలేదు.

బహిష్కారమునకు ముందు హార్మోనియమును ఘాటుగా విమర్శించినవారిలో జాన్ ఫౌల్డ్స్ అను ఆంగ్ల స్వరకర్త యొకడు. అతడు 1880లో మాంచెస్టరులో పుట్టినాడు. 1935లో భారతదేశమునకు వచ్చి, ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతమునకు పెద్దగా నుండి, 1939లో కలకత్తాలో కలరా సోకి మరణించినాడు. స్వదేశములో తేలికపాటి సంగీతముతో పేరు తెచ్చుకొన్నవాడు. పియానోకును వాద్యబృందమునకును కలిపి 1929లో ‘డైనమిక్ ట్రిప్టిచ్’ అను కన్సర్టో కూర్చినవాడు. అట్టివానికి మెట్లవాద్యమన్నంత మాత్రమున ద్వేషముండునా? స్థాయికి పన్నెండు మెట్లుగా బిగించిన స్వరములు భారతీయ రాగమునకు చాలవన్నదే అసలు ఆక్షేపణ. తోడిలో గాంధారము ఊగుచుండును, మెట్టు ఊగదు. ఈ మాట కాదనుటకు వీలులేదు.

అయితే రోగము తెలిసినంత మాత్రమున మందు తెలిసినట్లు కాదు. ఆంగ్లేయుల చిన్న కన్సర్టోలను వినినచో వేరొక మార్గము కనబడును. కన్సర్టో యనగా ఒక ప్రధాన వాద్యమునకును బృందమునకును నడుమ సాగు సంవాదము. పియానోలో సుత్తి తంత్రిని కొట్టును. పుట్టిన క్షణము నుండియే ఆ నాదము క్షీణించును. దానిని పెంచుట వాయించువాని చేతిలో లేదు. వయొలిన్, చెల్లో వంటి కమాను వాద్యములు నాదమును నిలుపగలవు, పెంచగలవు, వంచగలవు. వాల్టర్ లీ 1934లో హార్ప్సికార్డుకు గాని పియానోకు గాని తంత్రీబృందముతో కూర్చిన ‘కన్సర్టీనో’ సుమారు పది నిమిషముల రచన. అందులో మెట్లు చురుకుగా మాటలాడును. నిలుపవలసిన చోట తంత్రులు అందుకొనును. ఒకటి రెండవదాని పనిలో వ్రేలు పెట్టదు. ఈ స్వరకర్త 1942లో టోబ్రుక్ సమీపమున యుద్ధములో మరణించినాడు, ముప్పదియేడేండ్లయినను నిండలేదు. జెరాల్డ్ ఫింజీ రచించిన ‘ఎక్లాగ్’ కూడ పియానోకును తంత్రులకును కూర్చిన చిన్న రచనయే. అతడు 1956లో మరణించిన పిమ్మటనే, 1957లో, అది తొలిసారి సభలో వినబడినది. తేలిక యన్న మాటను మనవారు చౌక యని వాడుచున్నారు గాని, ఇట్టి రచనలలో ఒక్క స్వరము ఎక్కువైనను తెలిసిపోవును.

మన రంగస్థలములో జరిగినదేమి? హార్మోనియము నాదము పియానోవలె క్షీణింపదు. తిత్తిలో గాలి ఉన్నంతవరకు నిలుచును. అందుచేతనే అది గాయకునికి పోటీ. నేర్పరియైన హార్మోనిస్టు నటుని గొంతు ఊగునప్పుడు తగ్గి, స్వరము నిలిచిన చోట మాత్రము ఆనించును. నేర్పు లేనివాడు గొంతు కంటె ముందు పరుగెత్తును. పరదేశపు వాద్యమగుట దోషమైనచో వయొలిన్ మన కచేరీలలో నిలుచునా? దాని మీద వ్రేలు జారును. అందుచేతనే ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది గాత్రమువలె పలికినది.

నేడు పాఠశాల వార్షికోత్సవములలో హార్మోనియము స్థానమున ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చినది. ఒక మీట నొక్కిన తంత్రీబృందము, మరొకటి నొక్కిన తాళము! పిల్లలు దానికి తగినట్లు గొంతును మెట్లుగా నరకుకొనుచున్నారు. వినుకొండలో పుట్టిన జాషువ పద్యమును, ఏ మెట్ల ఆసరాయు లేక పంబ మోతపై కారెంపూడిలో వీరగాథ పాడు విద్యావంతుల నేలపై, ఇట్లు పాడించుట అన్యాయము. కీబోర్డును పారవేయనక్కరలేదు. పద్యము నేర్పునప్పుడు దానిపై షడ్జ పంచమములను మాత్రమే శ్రుతిగా నిలిపి, తక్కిన మెట్ల జోలికి పోకుండిన చాలును. లీ కన్సర్టీనోను ఒక పీరియడులో రెండుసార్లు వినిపించి, మెట్లు ఎక్కడ ఆగినవో, తంత్రులు ఎక్కడ అందుకొన్నవో పిల్లలచేతనే చెప్పించవచ్చును. ఆ పిమ్మట వారిలో ఒకడు జాషువ పద్యమెత్తుకొన్నప్పుడు, కీబోర్డు ముందున్న బాలుడు ఎక్కడ చేయి తీయవలెనో తానే వెదకుకొనును.