పేరులేని పటములు

వేలమనగానే మన బీదరు తెలుగు కుటుంబములవారికి నిన్నమొన్నటివరకు గుర్తుకు వచ్చినవి విడిపించుకొనలేక వదలివేసిన తాకట్టు నగలు, అబ్కారీ దుకాణములు, మామిడితోటల పంటలు. ఇప్పుడు మనుష్యుల ముఖములు కూడ వేలమునకు వచ్చుచున్నవి. చిత్రకారుడు పేరు పొందకముందు, చేయి ఇంకను కుదురుకొనుచున్న రోజులలో, తన ఇంటివారిని, వీధివారిని, పొలము పనివారిని ఎదుట కూర్చుండబెట్టుకొని గీసిన రూపచిత్రములు, నోటుపుస్తకములనుండి విడదీసిన పెన్సిలు గీతలు, ముంబయిలోను లండనులోను నునుపు కాగితముపై అచ్చైన కేటలాగులలో అంకెలు తగిలించుకొని వరుసగా నిలుచుచున్నవి. దీనిని గొప్ప గౌరవమని పలువురు చెప్పుకొనుచున్నారు. ఇది సగము గౌరవము, సగము దోపిడి అని నా అభిప్రాయము. మొదటి సగమును గురించి చెప్పువారు చాలమంది ఉన్నారు గనుక నేను రెండవ సగమును గురించియే వ్రాయుచున్నాను.

ఉదాహరణకై దూరము పోనక్కరలేదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు మన జిల్లానుండి జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోయి మెదకు జిల్లాలో చేరినవి. మనము మైసూరు రాష్ట్రమున మిగిలితిమి. ఆ మెదకు జిల్లాలోనే నిజాంపూరు అను పల్లెలో 1940లో కె. లక్ష్మాగౌడుగారు జన్మించిరి. హైదరాబాదులో చిత్రకళ నభ్యసించి, 1963 మొదలు రెండేండ్లు బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారివద్ద శిక్షణ పొందిరి. అంత చదువు చదివి ఆయన చూపు మరల్చినది తన పల్లెవైపే. తలపాగాల మగవారు, ముక్కుపుడకల ఆడువారు, మేకలు, చెట్లు, మట్టిగోడలు, ఏ దాపరికమును లేని వారి కోరికలు — ఇవియన్నియు ఆయన కలముగీతలోను, లోహపు రేకును ఆమ్లముతో తినిపించి అచ్చువేయు ఎచింగులలోను చోటు చేసికొన్నవి. 2016లో పద్మశ్రీ వచ్చినది. ఆనాటి గీతలు నేడు వేలపు కేటలాగులలో తరచు కనబడుచున్నవి. కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠముగారి చిత్రములును అట్లే. తాను చిత్రించు తెలంగాణ స్త్రీకి తన తల్లియే ప్రేరణ అని వైకుంఠముగారు చెప్పియున్నారు.

ఇక ఆ కేటలాగు పుటను చూడుడు. చిత్రకారుని పేరు ఉండును. సంతకము ఏ మూలనున్నదో, కాగితము ఎన్ని అంగుళములో, ఎంత ధర పలుకవచ్చునో, అన్నియు ఉండును. చిత్రము పేరుండవలసిన చోట మాత్రము అనేక పర్యాయములు ఒక్కటే మాట: "అన్‌టైటిల్డ్". పేరు లేనిది. కొందరు చిత్రకారులు తామే పేరు పెట్టరు. అది వారి ఇష్టము, దానితో నాకు తగవు లేదు. కాని ఎదుట కూర్చున్న మనిషికి పేరు లేకపోలేదు గదా! ఒక పల్లెలో, ఒక ఇంటిలో, ఒక కులవృత్తిలో ఉన్న ఫలానా మనిషి సుత్తె దెబ్బ పడునప్పటికి "కూర్చున్న స్త్రీ" యగుచున్నది.

ఈ అన్యాయము బీదరువారికి క్రొత్త కాదు. తుత్తునాగము, రాగి కలిపి పోతపోసి, వెండితీగ పొదిగి, మన కోటమట్టితో నల్లదనము తెప్పించిన బిదరీ పనితనము లోకప్రసిద్ధము. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో మన హుక్కాకుండలను అద్దాలబీరువాలలో నిలిపినారు. వాటిని చేసినవాడెవడు? పాత బిదరీ ఏ వేలమునకు వచ్చినను సాధారణముగా వ్రాసియుండునది "దక్కను, ఫలానా శతాబ్ది" అని మాత్రమే. అచ్చట పనివాని పేరు పోయినది. ఇచ్చట చిత్రకారుని పేరు నిలిచి, చిత్రింపబడినవాని పేరు పోవుచున్నది. నష్టము రెంటను ఒక్కటే.

"వేలములు లేకున్నచో ఆ కాగితములు చెదలపాలై యుండెడివి కావా?" అని పెద్దలు కొందరు నన్నడిగిరి. అది నిజమే. ధర వచ్చిన పిమ్మటనే మనవాళ్లు అటకమీది మూటలు దింపిరి. మా ఇంటి సంగతియే చెప్పెదను. మా నాయనమ్మ రూపమును ఊరూర తిరుగు డ్రాయింగు మాస్టరొకరు, రెండు పూటల భోజనమునకును కొద్దిపాటి దక్షిణకును, బొగ్గుతో గీసియిచ్చిరి. క్రింది అంచున ఆమె పేరు, మా ఊరి పేరు, వావి, మా నాన్నగారు తెలుగులో వ్రాసియుంచిరి. నగరమునుండి వచ్చిన దళారి యొకడు దానిని కొనెను. మేమే అమ్మితిమి, ఆ తప్పు మాది. అతడు మా ఎదుటనే కత్తెర తీసి అంచు కత్తిరించెను. "ఇది ఎందుకయ్యా?" అని అడిగితిని. "పేరున్న ముసలమ్మను ఎవరు కొందురు సారూ? పేరు లేకుంటే దక్కను స్త్రీ" అని నవ్వెను. ఆ కాగితపు ముక్క నావద్ద ఇంకను ఉన్నది. బొమ్మ ఎచ్చటనున్నదో తెలియదు.

ఆ కత్తెరపనిలో బజారుకు కూడ నష్టమే కలదు. పేరు, ఊరు, ఎవరి ఇంటనుండి వచ్చినదను వివరము లేని తొలినాటి గీతకు దొంగనకలు చేయుట సులభము. పెద్ద తైలవర్ణచిత్రమును అనుకరించుటకు నేర్పు కావలెను. పాత కాగితముపై నాలుగు గీతలు గీసి పెద్ద సంతకము పెట్టుటకు ధైర్యము చాలును. నకలును పట్టుకొనగలిగినది ఆ కత్తిరించిన అంచే.

దీనికి భిన్నముగా రాజమహేంద్రవరములో జరిగినదానిని తలచుకొనుడు. దామెర్ల రామారావు 1897లో జన్మించి, 1925లో మశూచికముచే, ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే గతించెను. ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆ బాలుని చేయి గుర్తించెను, బొంబాయి జె.జె. కళాశాల దానికి మెరుగుపెట్టెను. అతడు పోవునాటికి పూర్తియైన వర్ణచిత్రములతోపాటు పెన్సిలు స్కెచ్చులు కుప్పలుగా మిగిలినవి. వాటిని ఒక్కొక్కటిగా అమ్మియున్నచో కొన్ని కుటుంబములకు కొన్నాళ్లు గడచియుండును. మిత్రుడును చిత్రకారుడును అయిన వరదా వెంకటరత్నముగారు మొదలగువారు అట్లు జరుగనీయలేదు. కనుకనే నేడు రాజమండ్రి చిత్రశాలలో ఒక యువకుని చేయి తొలి తడబాటునుండి నిండు చిత్రమువరకు ఎట్లు నడచినదో గది దాటకుండ చూడగలుగుచున్నాము. నూరు గోడలకు నూరు స్కెచ్చులు చేరియున్నచో ఆ నడక ఎవరికి కనబడును?

చట్టము రక్షింపదా అని అడుగవచ్చును. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము క్రింద దేశము దాటరాని కళానిధులుగా ప్రకటింపబడినవి తొమ్మండుగురి చిత్రములు. రవివర్మ, ఠాగూరులు ముగ్గురు, నందలాల్ బోసు, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్, శైలోజ్ ముఖర్జీ, రోరిక్. తెలుగువాడు ఒక్కడును లేడు. నూరేండ్లు నిండిన చిత్రము పురావస్తువగును గనుక రామారావు చిత్రములకు ఇప్పుడు వయస్సే కాపలా కాయుచున్నది, కీర్తి కాదు.

మరియొక చట్టము కలదు. 1957 నాటి కాపీరైటు చట్టమున 1994 సవరణచే చేర్చిన 53ఎ సెక్షను ప్రకారము, మూలచిత్రము పదివేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడుపోయినప్పుడు చిత్రకారునికి, అతని తరువాత కాపీరైటు గడువున్నంతకాలము వారసులకు, ఆ ధరలో పాలు పొందు హక్కు కలదు. ఆ పాలు నూటికి పదికి మించరాదు. ఫ్రాన్సులో ఇట్టి హక్కు 1920లోనే వచ్చినది; బ్రిటనులో 2006లో. మనకు చట్టము వచ్చి మూడు దశాబ్దులు దాటినది. ఎంతమంది చిత్రకారుల ఇండ్లలో అది పొయ్యి వెలిగించినదో మన సంఘములు ఎన్నడైన అడిగినవా? పైగా అది మన దేశపు హక్కు. ఎం.ఎఫ్. హుస్సేను 1954లో చిత్రించిన "గ్రామయాత్ర" దశాబ్దుల పర్యంతము నార్వేలో ఒక ఆసుపత్రి గోడపై నుండి, 2025 మార్చిలో న్యూయార్కు వేలములో కోటీ ముప్పదియేడు లక్షల డాలర్లకు పైగా పలికినది. అమెరికాలో ఇట్టి హక్కే లేదు. ఆ చిత్రముతో పోల్చిన మన పల్లెగీతల ధరలు స్వల్పములు; కాని స్వల్పమైన ధరలోని పదవ వంతే బీద చిత్రకారునికి మందుల ఖర్చగును.

వేలములను మూయింపవలెనని నేననుట లేదు. అమ్ముకొనువారికి అవసరములుండును. పిల్ల పెండ్లి నిలిచిపోయినప్పుడు కళాచరిత్ర ఎవరికి గుర్తుండును? నేనడుగునది చిన్నది. మన సంఘమువారు ఏటేట ఉగాదికి పద్యపఠనము, సన్మానము, భోజనములు జరుపుచున్నారు. ఆనాడే ఒక బల్ల వేసి, ఇంటింటి పాతచిత్తరువులను తెప్పించి, ఫొటోలు తీయించి, చిత్రములోనివారెవరు, గీసినవారెవరు, ఏ సంవత్సరమో పుస్తకమున వ్రాయించవచ్చును. అటుపిమ్మట ఎవరైన అమ్ముకొందురుగాక. పేరు మనయొద్ద మిగులును. మన పిల్లలకు తెలుగు చదువుట తగ్గిపోవుచున్నది. కన్నడ బడిలో చదివిన మా మనుమడు ఆ కత్తిరించిన అంచుపై ఏమి వ్రాసియున్నదో నన్నడిగి తెలిసికొనెను. మరియొక తరమునకు అడుగుటకు ఎవరుందురు?

మా ఇంట ఇంకను రెండు చిత్తరువులు మిగిలినవి. ఒకదాని వెనుక మా తాతగారి పేరు నా చేతితో వ్రాసితిని. రెండవదానిలో పొన్నుకర్ర పట్టుకొన్న ముసలాయన ఎవరో నాకు తెలియదు. చెప్పగలిగిన మేనత్త జహీరాబాదులో ఉన్నది. ఆమెకు తొంబదియేండ్లు దాటినవి. వచ్చే ఆదివారము ఉదయపు బస్సుకు పోవుచున్నాను.